పక్కన కూర్చునే మనిషి

జూన్ 9, గద్వాల

ఆఫీసులో ఇప్పుడు నేను రాసే ప్రతి వాక్యానికీ మార్కులు పడుతున్నాయి. మార్కులు పడని చోటు ఒకటి ఉండాలని బస్టాండు పక్క షాపులో ఈ డైరీ కొన్నాను. సగం సంవత్సరం గడిచాక డైరీ అడిగిన పిచ్చోడివి నువ్వొక్కడివే అన్నట్టు చూశాడు షాపతను.

మహిపాల్ సార్ నన్నే ఇక్కడికి పంపడానికి కారణం నా తెలివి కాదు, నా ఊరు. గద్వాల చేనేత సొసైటీకి మా కంపెనీ సాఫ్ట్‌వేర్ చేస్తోంది. మగ్గాలు సొసైటీవి, పట్టు ఇచ్చేది సొసైటీ. ఏ మగ్గం ఎవరి పేరు మీద ఉంది, ఎవరిది నడుస్తోంది, ఎవరిది ఖాళీగా పడి ఉంది, ఇదంతా ఇకనుంచి ఫోన్లోనే. ఖాళీ మగ్గం ఇంకొకరికి పోతుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో ఇక్కడివాళ్లను అడిగి, ఒక్కో పనినీ ఒక్కో వాక్యంగా రాయడం నా ఉద్యోగం. వాటిని రిక్వైర్‌మెంట్లు అంటాం. కోడ్ రాసే పిల్లలు గద్వాల మొహం చూడరు. వాళ్లకు కనిపించేది నా వాక్యాలే.

ఆ వాక్యాలు సరిగా ఉన్నాయో లేదో చూడటానికి కంపెనీ తెలుగు చదివే యంత్రం ఒకటి తయారు చేసింది. పేరు జల్లెడ. 'తగిన', 'వీలైనంత' లాంటి గాలి మాటలుంటే ఎర్ర గీత. ఒకే వాక్యంలో రెండు పనులో ఇద్దరు మనుషులో ఉంటే ఎర్ర గీత. జరిగిందో లేదో పరీక్షించి చూడలేనిదైతే ఎర్ర గీత. అన్నీ బాగుంటే పచ్చ గుర్తు. నూటికి ఎన్ని పచ్చలో అదే మార్కు. నిజం చెప్పాలంటే మంచి యంత్రమే. పాత ప్రాజెక్టుల్లో మేం పడ్డ గొడవలు సగం ఇది ఉంటే వచ్చేవి కావు.

సార్‌ది కల్వకుర్తి. ఆఫీసులో ఇంగ్లీషు తప్ప మాట్లాడరు, పని పడితే మాత్రం మా భాష వస్తుంది. బయల్దేరేటప్పుడు భుజం మీద చెయ్యేసి అన్నారు: "జల్లెడకు ఇదే ఫస్టు పరీక్ష నాగేశ్. మార్కు తొంభై ఐదు దాటాలె. దాటిందనుకో, టీం నీదే."

అన్న వాళ్లింట్లో ఉంటున్నాను. హోటల్ ఖర్చు కంపెనీకి మిగిలింది, వదిన చేతి జొన్న రొట్టె నాకు మిగిలింది.

జూన్ 12

ఇవాళ మా ఇంటి నుంచే మొదలుపెట్టాను. సొసైటీ సెక్రటరీ బాలరాజు కూడా వచ్చి గడప మీద కూర్చున్నాడు.

అన్న ఆశన్న మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, చేతులు ఆపకుండానే మాట్లాడాడు. వదిన చంద్రకళ పక్క పీట మీద కూర్చుని, పోగును అటూ ఇటూ తీసుకుపోయే అంచు నాడె అందుకుంటోంది. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట ప్రతి పోగునూ పోగులో మెలేసి కుట్టు కలపాలి. అది ఒక్కడి చేతుల్తో అయ్యే పని కాదు, అంచు దగ్గర ఇంకొకరు ఉండాలి. చిన్నప్పుడు ఆ పీట నాది. వదిన పెళ్లయి వచ్చాక పీట ఆమెది అయింది, నేను కాలేజీకి పోయాను.

"అన్నా, ఈ మగ్గం మీద నేసేదెవరు?" అని అడిగాను, అందరినీ అడిగినట్టే.

"ఎవరేందిరా, నేనే."

"మరి వదినె?"

"ఆమె ఊకె పక్కకు కూసుంటది."

వదిన నాడె ఆపలేదు. "ఊకె కూసున్నదానికి నడుం ఎందుకు నొస్తదో అడుగు నాగేశు. నీకెర్కనే గద, నువ్వు గూడ కూసున్నోనివే."

అందరం నవ్వాం. బాలరాజు మాత్రం నవ్వలేదు. "ఇద్దరి పేర్లు ఎక్కాలె తమ్మీ. ఆడోళ్లు చానమంది అడిగిన్రు. రేపు మొగోనికి ఏమన్న అయితే ఆమె ఎవరు అంటే మా దగ్గర జవాబు లేదు" అన్నాడు.

రాసుకున్నాను: మగ్గం మీద నేసే మనిషి, పక్కన కూర్చునే మనిషి, ఇద్దరి పేర్లూ నమోదు చేయాలి.

వదిన నా వైపు వంగి చూసింది. "పేరు సక్కగ రాయి. ఈళ్లంతా చంద్రమ్మ అంటరు. చంద్రకళ."

జూన్ 17

జల్లెడ నా వాక్యాలను దులిపి పారేసింది. అన్నింటికంటే ఎక్కువ గీతలు వదిన వాక్యానికే.

ఒకే వాక్యంలో ఇద్దరు మనుషులు: ఎరుపు. సరే, రెండు ముక్కలు చేశాను. 'నేతకారుడి పేరు నమోదు చేయాలి' పచ్చ. 'పక్కన కూర్చునే మనిషి పేరు నమోదు చేయాలి' ఎరుపు. పక్కన అంటే ఎక్కడ, ఎంతసేపు, ఎందుకు, అంతా అస్పష్టమట. 'సహాయకుడు' అని మార్చాను. ఏం చేస్తే సహాయకుడో చెప్పలేదని మళ్లీ ఎరుపు. యంత్రం అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఎండలో తిరిగొచ్చి, ఫ్యాన్ కూడా లేని గదిలో కూర్చుని దానికి జవాబు వెతికే ఓపిక నాకు లేదు.

ఇంకో వాక్యం ఉంది, బాలరాజు చెప్పిన పాత ఆనవాయితీ: 'నేతకారుడు నేయలేని స్థితికి వస్తే మగ్గం అతని కొడుకు పేరుకు మారాలి.' ఒక్క గీత లేకుండా మొదటిసారికే పచ్చ. ఇలాంటివి ఇంకో పది దొరికితే నా పని పండగే.

జూన్ 21

మళ్లీ ఎరుపు. ఈసారి 'ఎప్పుడన్నా' అనే మాటకు. ఆ మాట లేకుండా గద్వాలలో ఎవడూ ఏ సంగతీ చెప్పడు. దీనికి ఎవరు చెప్పాలి?

జూన్ 26

మార్కు తొంభై మూడు దగ్గర ఆగిపోయింది. మహిపాల్ సార్ ఫోన్. వదిన వాక్యం, దానికి తోక లాంటివి ఇంకో నాలుగు అడ్డం పడుతున్నాయని చెప్పాను.

"గవి రెండో విడతకు తోసెయ్యి. మొదటి విడతల లేనిదానికి మార్కు పోదు గద" అన్నారు.

అంత సులువైన ఉపాయం నాకు తట్టకపోవడం విచిత్రం. ఐదూ తోసేశాను. తొంభై ఆరు.

మధ్యాహ్నం వదిన అన్నం పెడుతూ అడిగింది. "అయిపాయెనా నీ పని?"

"అయింది వదినె."

"నా పేరు ఎక్కిందా?"

"రెండో విడతల వస్తది."

"అంటే ఎప్పుడు?"

"దీని తర్వాత."

"ఓ" అని ఇంకో గరిటె పప్పు వేసింది. నేనేమీ అబద్ధం చెప్పలేదు. రెండో విడత ఉంది, ప్లాన్‌లో స్పష్టంగా రాసి ఉంది. అందరూ ఒప్పుకున్నదే.

జూలై 4

సంతకాలు అయిపోయాయి. ఇక ఒక్క అక్షరం మార్చాలన్నా కమిటీ కూర్చోవాలి.

బాలరాజు సంతకం పెట్టేముందు "ఆడోళ్ల ముచ్చట?" అన్నాడు. రెండో విడత అన్నాను. చదువుకున్నోళ్లు మీకు తెలుస్తదిలే అని పెట్టేశాడు.

జూలై 30, హైదరాబాద్

కేకు కోశారు. తెర మీద పెద్దక్షరాల్లో తొంభై ఆరు. టీం నాకే ఇచ్చారు. నా కింద ఆరుగురు. సాయంత్రం అన్నకు ఫోన్ చేస్తే, ఊరంతా చెప్పుకుంటున్నానన్నాడు. వదిన వెనకనుంచి గట్టిగా అరిచింది: "మంచిగున్నది నాగేశు, తిని పండుకో, సన్నమైనవు." కేకు కోసిన ఫొటోలో చూస్తే నేనేమీ సన్నబడలేదు. చూడకుండానే అంటుంది ఆమె.

సెప్టెంబర్ 11

గద్వాలలో సాఫ్ట్‌వేర్ మొదలైంది. నెలకోసారి నేతకారుడు మగ్గం మీద కూర్చుని ఫొటో పంపాలి, ఫొటోలో ఒక్క ముఖమే ఉండాలి. ఫొటో రాకపోతే మగ్గం ఖాళీ కింద లెక్క. ఇవీ నా వాక్యాలే. రెండూ పచ్చ.

అన్న ఫొటో పోయిందట, పెళ్లికొడుకులా దిగానన్నాడు. తర్వాత వదిన ఫోన్ తీసుకుంది.

"నాగేశు, నీ దాంట్ల నా పేరు కోసం మీదికెల్లి కిందిదాక జరిపి చూసిన. ఎక్కడ లేదు."

"చెప్పిన గద వదినె, రెండో విడత."

"చెప్పినవు, చెప్పినవు." కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది.

అక్టోబర్ 8

అన్నకు పక్షవాతం. మగ్గం మీదనే ఒరిగిపోయాడట. కర్నూలు దవాఖానకు తీసుకుపోతున్నారు. బస్సులో రాస్తున్నాను.

అక్టోబర్ 11

బతికాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. చెప్పేది వదినకు ఒక్కదానికే అర్థమవుతోంది.

అక్టోబర్ 27

ఇంటికి తెచ్చారు. నేను హైదరాబాద్‌లోనే ఉన్నాను. లీవు అడగొచ్చు. కొత్తగా టీం తీసుకున్నవాడు లీవు అడిగితే బాగుండదు. వదిన రమ్మని అనలేదు కూడా.

నవంబర్ 3

పొద్దున్నే బాలరాజు ఫోన్. "తమ్మీ, మీ అన్న మగ్గం సిస్టంల ఖాళీ అని ఎర్రగ చూపిస్తుంది. పట్టు ఇద్దామంటే సిస్టం ఒప్పుకుంటలేదు. జర చూడు."

"ఖాళీ ఎట్లయితది? వదినె నేస్తుంది గద."

"నేస్తుంది. ఆ గుంటల మీ అన్న జాగల కూసోని నేస్తుంది. పక్క పీటకు ఎదురింటి సౌజన్యను పిలుసుకున్నది. సగం చీర అట్లనే ఉండె, అది పూర్తి చేసింది. కానీ ఫొటో పోతలేదు. ఆమె ముఖం పెట్టి పంపితే, ఈ ముఖం ఈ మగ్గానిది కాదు అంటున్నది."

ఈ ముఖం ఈ మగ్గానిది కాదు. ఆ సందేశం కూడా నేనే రాశాను. చిన్నగా, స్పష్టంగా, అందరికీ అర్థమయ్యేలా ఉందని జల్లెడ మెచ్చుకుంది.

నెలాఖరుకు కూడా ఎర్రగానే ఉంటే మగ్గం విప్పుకుపోతారు. వరసలో ఉన్నది మల్లన్న. చెడ్డవాడేమీ కాదు, ఇదివరకు సొసైటీ మగ్గం మీద నేసినవాడే, ఏడాదిగా మగ్గం కోసం చూస్తున్నాడు. వదినకు మగ్గం తప్ప వేరే ఆధారం లేదు. అన్న మందులు దాని మీదే, ఇల్లు దాని మీదే.

నవంబర్ 6

మహిపాల్ సార్‌ను క్యాబిన్‌లో కలిశాను. రెండో విడత ఎప్పుడని అడిగాను.

ఇంగ్లీషులోనే చెప్పారు. రెండో విడత లేదట, ఆగస్టులోనే రద్దయిందట. మెయిల్ నాకూ వచ్చిందట. వెతికితే నిజంగానే ఉంది. చదివినట్టు గుర్తు కూడా వేసి ఉంది. చదివే ఉంటాను.

సెప్టెంబర్‌లో ఫోన్లో వదినకు రెండో విడత అన్నప్పుడు నాకు తెలుసా? తెలిసి ఉండదు. పని ఒత్తిడిలో ఎన్ని మెయిళ్లు వస్తాయి.

"మార్చాలంటే?" అన్నాను.

"కొత్త వాక్యం రాయి, జల్లెడ నుంచి పాస్ చేయి, సొసైటీ కమిటీ సంతకం తీసుకో. కమిటీ మళ్లీ కూసునేది మార్చిల." ఆఖరి మాట మా భాషలో అన్నారు, జాలిపడుతున్నట్టు.

నవంబర్ 8, గద్వాల

లీవు పెట్టి వచ్చాను. లోపలికి వస్తుంటే మగ్గం చప్పుడు వినిపించింది. అన్న చప్పుడు కాదు. అన్నది బరువుగా, ఆగి ఆగి ఉండేది. ఇది వేగంగా, ఎక్కడా తొట్రుపడకుండా సాగుతోంది. గుమ్మంలో నిలబడి చాలాసేపు విన్నాను. అన్న మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

ఉన్న పట్టు అయిపోయేదాకానే ఈ చప్పుడు.

నవంబర్ 9

టీ తాగుతూ ల్యాప్‌టాప్ తెరిచాను. మార్చి అయినా సరే, వాక్యం సిద్ధంగా ఉండనీ అనుకున్నాను. 'పక్కన కూర్చునే మనిషి' అని కొట్టి, చెరిపేశాను. ఆ పీట మీద నేనేం చేసేవాణ్ణో అదే రాశాను:

'ప్రతి మగ్గానికి అంచు నాడె నడిపే వ్యక్తి పేరు నమోదు చేయాలి.'

పచ్చ. ఒక్క గీత లేదు.

మళ్లీ తీసేసి మళ్లీ పెట్టాను. పచ్చే. గ్లాసులో టీ ఇంకా వేడిగానే ఉంది. జూన్‌లో ఇది ఎందుకు తట్టలేదు? ఎండలు అలా ఉన్నాయి. టైం లేదు. పైనుంచి ఒత్తిడి ఉంది.

వదిన గిన్నెలు తోముతూ "ఏం రాస్తున్నవు?" అంది. ఆఫీసు పని అన్నాను.

నవంబర్ 14

బాలరాజు వచ్చాడు. ముగ్గురం అన్న మంచం దగ్గర కూర్చున్నాం.

"సిస్టంల ఒక్కటే దారి ఉన్నది వదినె" అన్నాడు, నా వైపు చూడకుండా. "కొడుకు పేరుకు మార్చుడు. దినేష్ పేరు ఎక్కిస్తే ఇయ్యాలనే ఎరుపు పోతది, రేపే పట్టు వస్తది."

దినేష్ అన్న కొడుకు. వనపర్తిలో సెల్‌ఫోన్ షాపులో పనిచేస్తాడు. అక్కడే గది. మగ్గం చప్పుడుకు తల నొస్తదని చిన్నప్పుడే అనేవాడు. మంచి పిల్లాడే, అన్న మందులకు పంపుతుంటాడు. గుంటలో మాత్రం ఏనాడూ కాలు పెట్టలేదు.

"వానికి నాడె ఏ చేత్తోని పట్టాల్నో గూడ తెల్వదు" అంది వదిన.

"తెల్వకుంటె ఏమాయె. నేసేది నువ్వే. పేరు మట్టుకు వానిది."

"నా పేరు మీద ఎందుకు కాదు?"

బాలరాజు నన్ను చూశాడు. నేను చెప్పాలి. చెప్పాను: "మగ్గం కొడుక్కు పోతదని ఉన్నది వదినె. భార్యకని ఎక్కడ లేదు. కొత్త మనిషిగ ఎక్కాలంటే, ఇంతకుముందు నేసినట్టు సిస్టంల ఉండాలె."

"నేను నేస్తలేనా?"

"సిస్టంల లేదు."

"కొడుకును గన్నదాన్నే గనీ కొడుకును కాను. గంతేనా?"

మంచం మీంచి అన్న ఏదో అన్నాడు, ముద్దముద్దగా. నాకు అర్థం కాలేదు. బాలరాజుకూ కాలేదు. ఏమన్నాడని వదినను అడిగాను.

"ఆమె ఊకె కూసునేది కాదు అని చెప్పు అంటుండు." చీర కొంగుతో అన్న మూతి తుడిచింది. "ఇప్పుడు చెప్తుండు."

తర్వాత బాలరాజు వైపు తిరిగి, "వాని పేరే ఎక్కియ్యి. మగ్గం ఇంట్ల ఉంటె చాలు" అంది.

కోపం వచ్చింది నాకు. ఎవరి మీదో అర్థం కావడం లేదు. బాలరాజు మీద పెట్టుకుందామంటే ఆ రోజు ఇద్దరి పేర్లూ రాయమన్నది అతనే. యంత్రం మీద పెట్టుకుందామంటే అది అడిగిందల్లా ఆమె ఏం చేస్తుందో చెప్పమని.

నవంబర్ 15

దినేష్ పేరు ఎక్కింది. నేతకారుడు: దినేష్. సొసైటీ వివరాలన్నీ సిస్టం మళ్లీ సరిచూసింది. ఎక్కడా లోపం లేదు.

నవంబర్ 16

పట్టు వచ్చింది. వదిన కండెలు చుడుతోంది. నాతో మామూలుగానే మాట్లాడుతోంది. మామూలుగా మాట్లాడకపోతే ఏదైనా అనేవాణ్ణి.

నవంబర్ 23

దినేష్ పొద్దున బస్సుకు వనపర్తి నుంచి వచ్చాడు, ఫొటో దిగడానికి. మధ్యాహ్నం షాపుకు పోవాలట.

పక్క పీట మీద సౌజన్య. డిగ్రీ ఆగిపోయిన పిల్ల, చెయ్యి చురుకు. నా చేతిలో ఫోన్ చూసి, "అన్నా, దీంట్ల నా పేరు ఎక్కడొస్తది?" అంది.

"రెండో విడతల" అన్నాను. నోటికి అలవాటైపోయింది. వదిన తలెత్తి నన్ను చూసి, చూపు మళ్లీ మగ్గం వైపు తిప్పుకుంది.

గుంటలోంచి లేచి, దినేష్‌కు చోటిచ్చింది. వాడు ప్యాంటు మడుచుకుని దిగాడు. కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక పోగుల మీద పెట్టబోతే వదిన పాదం పట్టుకుని జరిపింది. నాడె వాడి చేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే సర్దింది. "గట్టిగ పట్టకు. పిట్ట పిల్లను పట్టుకున్నట్టు పట్టు" అంది. వాడు సిగ్గుగా నవ్వాడు. "జల్ది తీయి బాబాయ్" అన్నాడు నాతో.

ఫోన్ ఎత్తి పట్టాను. తెర ఒప్పుకోలేదు. ఫొటోలో ఒక్క ముఖమే ఉండాలి, మూడున్నాయి. సౌజన్య లేచి పోయింది. ఇంకా ఒప్పుకోలేదు. దినేష్ చేతిలో నాడె జారిపోకుండా వదిన చెయ్యి చాపి వంగి ఉంది, ఆమె మొహం ఒక మూలకు పడుతోంది.

"జర పక్కకు జరుగు వదినె" అన్నాను.

జరిగింది. తెర ఇంకా ఎర్రగానే ఉంది.

"ఇంకొంచెం."

పీట దాటి, గుంజ దాటి, అన్న మంచం దాకా పోయి నిలబడింది.

"ఇంకెంత జరగాలె నాగేశు?" అని అడిగింది.

ఫోన్ మీద పచ్చ గుర్తు వచ్చింది. ఫొటో తీశాను.